ఫెదోసియా రెండో నడికట్టు

డాన్యూబ్ నది సముద్రంలో కలిసేముందు ఎన్ని పాయలుగా చీలుతుందని ఆ ఊళ్ళో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. ఇంటిముందు బాట లేకపోయినా, తారు పూసిన నల్ల పడవ మాత్రం ప్రతి గడపకూ ఉంటుంది. మగవాళ్ళు ఎండాకాలమంతా చేపలు పడతారు. ఆకురాలు కాలం రాగానే అదే పడవలో తుపాకీ, నీళ్ళమీద ఎరగా వదిలే చెక్కబాతులు వేసుకుని బాతులవేటకు పోతారు. ఆడవాళ్ళు ఎక్కువమంది వలలు బాగుచేస్తారు. ఫెదోసియా నడికట్లు నేస్తుంది.

ఎప్పుడో రష్యానుంచి వలసవచ్చి, పాత క్రైస్తవ ఆచారం వదలని లిపొవాన్లకు నడికట్టంటే ఉత్త నేతపట్టీ కాదు. జ్ఞానస్నానం రోజున బిడ్డ నడుముకు కట్టింది మొదలు, అది లేకుండా ఎవరూ ప్రార్థనకు నిలబడరు. ఆ నేత ఫెదోసియాకు అమ్మమ్మ దగ్గర వచ్చింది. ఎర్ర ఊలు, నల్ల ఊలు, మధ్యలో ప్రార్థన అక్షరాలు. ఊళ్ళో ఎవడి నడుము ఎంత లావో వాడి పెళ్ళానికి తెలియకపోవచ్చు గాని, ఆమెకు తెలుసు.

ఆమె తండ్రి యెవ్‌సేయ్ పోయినప్పుడు కూడా ఆయన చొక్కామీద ఆమె నేసిన కట్టే ఉంది. బాతులవేటలో పడవ అంచునుంచి జారాడు. అందరూ అనుకున్నట్టు మునిగిపోలేదు. రెండు చేతులా రెల్లు పట్టుకుని, గడ్డం నీళ్ళపైనే ఉంచుకుని దొరికాడు. బూట్లూ ప్యాంటూ ఒకటిగా కలిసి ఛాతీదాకా వచ్చే రబ్బరు తొడుగు నిండా నీళ్ళు. ఆ కాళ్ళతో పైకి ఎక్కలేక, సాయం వచ్చేలోగా చలికి బిగుసుకుపోయాడు.

ఇప్పుడు ఆమె మొగుడు ఆర్తియోమ్ అలాంటి తొడుగే వేసుకుని వేటకు పోతాడు. వాళ్ళ పాప మార్ఫా ఈమధ్యే గోడ పట్టుకుని నడుస్తోంది. వేట మొదలయ్యే రోజు దగ్గరపడేకొద్దీ ఫెదోసియాకు ముద్ద దిగడం మానేసింది.

ఆ సాయంత్రం ఆర్తియోమ్ తుపాకీ గొట్టాలకు నూనె పట్టిస్తున్నాడు. ఆమె ఒక వెడల్పాటి పట్టీ తెచ్చి అతని ముందు పెట్టింది. దానిమీద పూలూ లేవు, అక్షరాలూ లేవు. గోనెతాడు బిగువున నేసి, చివర ఇనప కొక్కెం కుట్టింది.

"ఇదేంటే?"

"రబ్బరు తొడుగుమీద, రొమ్ము కింద బిగించి కట్టుకో. నువ్వు పడ్డా నీళ్ళు లోపలికి దిగవు."

"లోపల చొక్కామీద ఒకటుంది కదా."

"అది దేవుడికి. ఇది నాకు."

ఆర్తియోమ్ నవ్వేశాడు. "ఒక మనిషికి ఒకటే నడికట్టు. రెండోది కడితే మొదటిదాన్ని నమ్మనట్టేనని సిదోర్ తాత అంటాడు. పైగా రేవులో నన్ను బతకనిస్తారా?"

"తుపాకీ పడవలోకి ఎక్కించేముందు మడత విప్పి, తూటా లేదుకదా అని రెండు గొట్టాల్లోంచీ ఆకాశం చూస్తావు. ముందు కూర్చున్నవాడు తప్ప ఎవడూ పేల్చకూడదంటావు. ఇంత జాగ్రత్త నిప్పుకైతే, నీళ్ళకేదీ?"

"నీళ్ళలో పుట్టినవాణ్ణి, నీళ్ళకు భయపడమంటావా?"

"మా నాన్న ఎక్కడ పుట్టాడు మరి, ఎడారిలోనా?"

ఆర్తియోమ్ మళ్ళీ నూనెగుడ్డ అందుకున్నాడు. పట్టీ మాత్రం బల్లమీదే ఉండిపోయింది.

మర్నాడు ఫెదోసియా పట్టీ భుజాన వేసుకుని రేవుకు పోయింది. వేటగాళ్ళ పెద్ద సిదోర్ తాత పడవ సందులకు తారు పెడుతున్నాడు. తెల్లగడ్డం బొడ్డుదాకా, గొంతు అవతలి ఒడ్డుదాకా ఉన్న మనిషి. ప్రభుత్వంవాళ్ళు పంచిన నారింజరంగు తేలుడు చొక్కాను మెత్తగా ఉందని పిర్రలకింద వేసుకున్నాడు. ఆ రంగు చూస్తే బాతులు దిగవని, దాన్ని వేసుకోవడం ఆ ఊళ్ళో ఎప్పుడో మానేశారు.

సంగతి విని తాత చెయ్యి ఆపాడు.

"ఒసే పిల్లా, అది కడితే ఏమవుతుందో తెలుసా? గాలి తొడుగు కాళ్ళలో చిక్కుకుంటుంది. కాళ్ళు పైకి లేస్తాయి, తల కిందికి పోతుంది. మేతకు మునిగిన బాతు తోకలాగా పిర్రలు ఆకాశంలో పెట్టుకుని చస్తాడు నీ మొగుడు."

పక్క పడవలో ఉన్న వేటగాడు కుజ్మా పగలబడి నవ్వాడు. "అప్పుడు మనవాళ్ళే బాతనుకుని పేలుస్తారు తాతా!"

"ఎవరైనా అలా చచ్చారా? చూశావా?" అంది ఫెదోసియా.

"మా నాన్న చెప్పాడు."

"ఆయన చూశాడా?"

తాత గడ్డం గోక్కున్నాడు. "అదీగాక, దేవుడిచ్చిన కట్టు ఒకటుండగా..."

"తాతా, ఉప్పుచేపల పీపాకు ఇనప పట్టీ వేస్తావు. దాన్నెవరైనా నడికట్టంటారా? ఇది మనిషికి కట్టేది కాదు, రబ్బరుకు కట్టేది. ఆదివారం ప్రార్థనయ్యాక అందరూ ఇక్కడికి రండి. నేనే తొడుక్కుని దూకుతాను. ఒకసారి పట్టీ లేకుండా, ఒకసారి పట్టీతో. తలకిందులైతే ఇంకెప్పుడూ నోరెత్తను."

"కాకపోతే?"

"కాకపోతే నువ్వు కట్టుకుంటావు. నువ్వు కడితే ఊరంతా కడుతుంది."

తాత కుజ్మాను చూశాడు, నదిని చూశాడు. అంతమంది ముందు వెనక్కు తగ్గడం ఆయనకు చేతకాదు. "సరే, దూకు. చలేస్తే మా ముసల్దాని టీ కాగుతూ ఉంటుంది."

ఆదివారం గుడిలోంచి జనం తిన్నగా రేవుకే వచ్చారు. గాలికి రెల్లు ఒకవైపు వంగుతోంది. ఫెదోసియా పావడా కుచ్చిళ్ళన్నీ రబ్బరు తొడుగులోకి కుక్కుకుని, తలగుడ్డ బిగించుకుని వచ్చేసరికి ఆడవాళ్ళ గుంపులో గుసగుసలు లేచాయి.

"సిగ్గులేదటే, మొగుడి తొడుగులో?" అంది సిదోర్ భార్య అగ్రిపీనా.

"మొగుడు తిరిగొస్తే చాలు అవ్వా, సిగ్గుదేముంది, తర్వాత పడొచ్చు."

ఆమె నడుముకు తాడు కట్టి రెండో కొస ఆర్తియోమ్ పట్టుకున్నాడు. అతని ముఖం కోపంగా ఉంది. తాడును మణికట్టుకు రెండు చుట్లు వేసుకున్నాడు. అడ్డుపడటానికి రాత్రి చెయ్యగలిగిందంతా చేసి ఓడిపోయాడు. పడవను లోతుకు తీసుకెళ్ళాడు. మార్ఫా ఒడ్డున అగ్రిపీనా చంకలో ఉంది.

మొదట పట్టీ లేకుండా దూకింది. ఛాతీదగ్గరి వదులులోంచి నీళ్ళు గుబగుబా దిగాయి. చల్లదనానికి ఊపిరి ఆగినంత పనైంది. తండ్రి చివరగా ఎరిగిన చలి ఇదేనన్న ఆలోచన వచ్చింది, దాన్ని తోసేసింది. మునగలేదు. కాని కాళ్ళు రెండూ పాతేసిన గుంజల్లా ఉన్నాయి. ఎంత తన్నినా అంగుళం కదలడం లేదు. ఎలాగో పడవ అంచు పట్టుకుంది.

"ఎక్కు!" అన్నాడు ఆర్తియోమ్.

"నువ్వు లాగు!"

అతను వంగి చంకలకింద చేతులు వేసి లాగాడు. నీళ్ళలో ఉన్నంతసేపూ తొడుగులోని నీటి బరువు తెలియలేదు. అంచుదాటి పైకి లేచిన ప్రతి చుక్కకూ బరువొచ్చింది. నడుము పైకి రావడం లేదు. మనిషంత వాలుగచేపను ఒక్క ఊపులో పడవలో పడేసేవాడు, పెళ్ళాన్ని లాగలేకపోయాడు. పడవ ఒరిగి నీళ్ళు తాగడం మొదలెట్టింది.

"తాతా! సిదోర్ తాతా! త్వరగా!"

ఆ కేకలో ఎగతాళికి చోటు లేదు. తాత, కుజ్మా రెండో పడవ తోలుకొచ్చారు. ముగ్గురూ కలిసి ఆమెను లోపలికి దొర్లించారు. తొడుగులోంచి నీళ్ళు కాలవలా పోతుంటే ఆర్తియోమ్ ఆమె ముఖాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"చాలు. ఇంక వద్దు. కట్టుకుంటాను, ఒట్టు. రెండు కాదు, పది కట్టుకుంటాను."

"నువ్వు కట్టుకుంటే నువ్వొక్కడివే." ఆమె పళ్ళు టకటకలాడుతున్నాయి. "కుజ్మాకు పిల్లల్లేరా? బిగించు."

అతనే పట్టీ చుట్టి కొక్కెం వేశాడు. ఆమె రెండు వేళ్ళు దూర్చి చూసింది. "ఇంకా."

"ఊపిరాడద్దా?"

"ఇంకా!"

రెండోసారి దూకింది. ఒక్కక్షణం తలగుడ్డ కూడా కనబడలేదు. ఒడ్డున ఎవరో సిలువ గుర్తు వేసుకున్నారు. అంతలో ఆమె పైకి తేలింది. తొడుగులో ఉన్న కాస్త గాలీ కాళ్ళను లేపింది. తాత చెప్పినట్టే కాళ్ళు లేచాయి. ఆమె మోకాళ్ళు మడిచి, వెనక్కి వాలి, పరుపుమీద పడుకున్నట్టు నీళ్ళమీద పడుకుంది. తల ఆకాశాన్నే చూస్తోంది.

"తాతా! నా తల ఎటుంది?"

తాత వంగి పడవ అడుగున తాడు సర్దసాగాడు.

"వినబడటం లేదా? తల ఎటుందో ఊరికి చెప్పు!"

"పైనే ఉందిలే, పొగరుమోతుదానా!" అని అరిచాడు తాత. రేవంతా గొల్లుమంది.

ఆమె కాళ్ళు తన్నుకుంటూ పడవ వెనకవైపుకు చేరింది. ఆర్తియోమ్ చెయ్యి చాపాడు. "ముట్టుకోకు" అంది. పడవ వెనక బల్లమీద మోచేతులు ఆన్చి, కాళ్ళు చేపతోకలా గట్టిగా ఆడించి, ఒక్క ఊపుతో పొట్ట లోపలికి వేసుకుంది. తర్వాత మోకాలు. తర్వాత నిలబడింది. అప్పుడు ఆడవాళ్ళు ఎత్తుకున్నారు కేకలు. అగ్రిపీనా అయితే మార్ఫాను రెండు చేతులా పైకెత్తి "చూడవే, మీ అమ్మను చూడు!" అని గంతులేసింది. ఆ వయసులో ఆమె గంతులేయడం ఎవరూ చూసి ఎరగరు.

తెడ్ల దగ్గర కూర్చోబోయిన ఆర్తియోమ్‌ను పక్కకు తోసి ఫెదోసియాయే వాటిని అందుకుంది. తడి తలగుడ్డలోంచి నీళ్ళు కారుతుంటే, ఏటికి ఎదురు తోస్తూ, నలుగురూ చూస్తుండగా పడవను ఒడ్డుకు తెచ్చింది. మొగుడు ముందు బల్లమీద చుట్టంలా కూర్చున్నాడు.

వేట మొదలయ్యే రోజు తెల్లవారుజామున రేవులో పడవలన్నీ వరసకట్టాయి. మంచులో మగవాళ్ళ రొమ్ములకింద గోనెరంగు పట్టీలు కనిపిస్తున్నాయి. ఆర్తియోమ్ తుపాకీ మడత విప్పి గొట్టాల్లోంచి ఆకాశం చూశాడు, తర్వాత పట్టీలో రెండు వేళ్ళు దూర్చి చూసుకున్నాడు. సిదోర్ తాత పడవ ఎక్కడానికి పట్నంనుంచి ఇద్దరు వేటగాళ్ళు కొత్త తొడుగుల్లో వచ్చారు. తాత వాళ్ళను ఆపి చెరో పట్టీ చేతిలో పెట్టాడు.

"ఇది లేకుండా నా పడవలో కాలు పెట్టొద్దు. మా ఊళ్ళో తాతల కాలంనుంచీ ఇదే పద్ధతి."

వెనక ఫెదోసియా చంకలో పిల్లతో నిలబడి ఉంది. తాత ఆమెను చూడనట్టే ముఖం తిప్పుకున్నాడు.

"తాతల కాలంనుంచీ నిజమే" అంది ఆమె. "కాని తాతా, నీది వదులైంది. ఇటు రా."

తాత వచ్చి, చేతులు పైకెత్తి నిలబడ్డాడు.