ఎనిమిది నిమిషాలు మిగిలిన శుక్రవారం

జెనొన్ కుఖ్తా పేరెత్తితే మా లారీల కంపెనీలో అందరూ ముందు నవ్వేవారు. ముప్ఫై ఏళ్ళు బండి తోలి ఒక్క నిమిషం కూడా ఎక్కువ తోలని మనిషి మరి.

ఎన్ని గంటలు తోలారో, ఎక్కడ ఆగారో, ఎంతసేపు పడుకున్నారో అంతా బండిలో ఉన్న టాకోగ్రాఫ్ రాసిపెట్టుకుంటుంది. మావాళ్ళు దాన్ని పెట్టె అంటారు. రోజుకు తొమ్మిది గంటలు, వారంలో రెండు రోజులు మాత్రం పది, నాలుగున్నర గంటలు తోలాక నలభై అయిదు నిమిషాల విరామం. దాటితే తప్పు. పెట్టె రాసిందంతా డ్రైవరు కార్డులోకి ఎక్కుతుంది; ఆ కార్డులు కంప్యూటర్లో తెరిచి తప్పులు ఏరడమే నా ఉద్యోగం. నా పేరు హోనొరాతా. నా నోటికి జడిసి ఆఫీసు గుమ్మం తొక్కని డ్రైవర్లు ఉన్నారు. జెనొన్ గారి కార్డు తెరిచిన రోజు మాత్రం నాకు తిట్టడానికి ఏమీ దొరికేది కాదు.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. ఒకప్పుడు చాలామంది బండి కింద అయస్కాంతం పెట్టి పెట్టెను మోసం చేసేవారు. బండి పరుగెడుతూనే ఉంటుంది, డ్రైవరు పడుకున్నాడని పెట్టె రాసుకుంటుంది. ఆయన స్నేహితుడొకడు అలా పదిహేడు గంటలు తోలి, తెల్లారాక చెట్టును గుద్దాడు. తలుపు కోసి శవాన్ని బయటికి తీసిన వాళ్ళలో జెనొన్ గారూ ఒకరు. ఆ తర్వాత ఇక ఆయనకు పెట్టె మాటే వేదం.

దీని మీద ఆయన భార్య ఇర్మినా అక్క వేళాకోళానికి అంతు ఉండేది కాదు. శుక్రవారాలు ఊరగాయ దోసకాయల సీసా పట్టుకుని యార్డుకు వచ్చేది. "మా ఆయన పెళ్ళిలో కూడా నాలుగున్నర గంటలు డాన్సు చేసి నలభై అయిదు నిమిషాలు కూర్చున్నాడే!" అనేది. ఆయన చెవులు ఎర్రబడేవి. పిల్లల్లేరు. వారమంతా ఆయన జర్మనీ రోడ్ల మీద, ఆవిడ మా ఊరు ష్వెబొజిన్‌లో. కలిసి ఉండేది శని ఆదివారాలే. ఆ రెండు రోజుల కోసమే ఇద్దరూ బతికేవారు.

ఆ ఏడాది చలికాలంలో ఆవిడకు క్లోమంలో క్యాన్సర్ బయటపడింది. మార్చికి మంచం పట్టింది. జెనొన్ గారు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. పది రోజులకు ఆవిడే నాకు ఫోన్ చేసింది.

"మా ఆయనకి ఏదన్నా ట్రిప్పు వెయ్యవే తల్లీ. పొద్దస్తమానం నా మొహంలోకే చూస్తూ కూర్చుంటే నాకు ఊపిరాడట్లేదు. డాక్టరు ఇంకో నెల అన్నాడుగా. చెల్లెలు ఉంది నా దగ్గర. నాలుగు రోజులు తిరిగొస్తాడు."

వేశాను. సోమవారం బయలుదేరి శుక్రవారం మధ్యాహ్నానికి వచ్చేసే ట్రిప్పు.

శుక్రవారం ఒంటిగంట దాటాక ఆయన ఫోన్. జర్మనీ సరిహద్దులోని ఓడ్రా నది దాటి మా వైపుకు వచ్చేశారు. గొంతు మామూలుగానే ఉంది, అందుకే నాకు భయమేసింది.

"అమ్మాయ్, మరదలు ఫోన్ చేసింది. ఊపిరి మారిందట. నా కోసం అడుగుతోందట."

"ఎక్కడున్నారు?"

"నలభై ఏడు కిలోమీటర్లు. పెట్టెలో ఎనిమిది నిమిషాలే మిగిలాయి. పది గంటల రోజులు రెండూ అయిపోయాయి. ఏం చెయ్యమంటావ్?"

ఇక్కడ నేను నిజం చెప్పుకోవాలి. తర్వాతి బుధవారం తనిఖీ వాళ్ళు వస్తున్నారు. అప్పటికి పదకొండు నెలలుగా మా కంపెనీలో ఒక్క తప్పూ లేదు. ఆ సంగతి యజమాని దగ్గర పదిసార్లు గొప్పగా చెప్పుకున్నాను. నా బుర్రలో ముందు మెదిలింది ఇర్మినా అక్క కాదు, ఆ తనిఖీ కాగితం.

"ఆగిపోండి," అన్నాను. "ముందు పార్కింగ్ ఉంది, అక్కడ పెట్టండి. కారు పంపిస్తున్నాను. అరగంటలో మీ దగ్గరుంటుంది."



"ఆగమంటావా?"

"ఆగండి. కార్డు పాడుచేసుకోకండి."

"సరే," అన్నారాయన.

మా మెకానిక్‌కు తాళాలిచ్చి పంపాను. వెళ్ళేటప్పుడు దారి బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పటికి శుక్రవారం రద్దీ మొదలైంది, రోడ్డు పనుల దగ్గర ఒకే వరస. కారు చీమలా పాకింది. జెనొన్ గారు రెండుసార్లు దిగి ముందుకు నడిచారని, మళ్ళీ వచ్చి ఎక్కారని మెకానిక్ చెప్పాడు. బండి ఆపిన గంటా యాభై నిమిషాలకు ఇల్లు చేరారు. అప్పటికి ఇర్మినా అక్క పోయి అరగంట. వచ్చాడా అని మూడుసార్లు అడిగిందట. మూడోసారి చెల్లెలు, మెట్లెక్కుతున్నాడక్కా అని అబద్ధం చెప్పిందట.

సోమవారం ఆయన కార్డు తెరిచాను. ఎనిమిది గంటల యాభై మూడు నిమిషాలు. మచ్చ లేదు.  ఎందుకో చెయ్యి ఊరుకోక, అంతకు ముందు ఏడాది పొజ్నాన్‌లో మాకిచ్చిన శిక్షణ పుస్తకం తీశాను. అందులో ఉంది. వారాంతపు విశ్రాంతికి ఇంటికి చేరే డ్రైవరు, తప్పనిసరి పరిస్థితిలో, ఇంకో గంట వరకు తోలవచ్చు. చేరాక పెట్టె అచ్చువేసే కాగితం తీసి, వెనక కారణం రాసి సంతకం పెడితే చాలు. ఎక్కువ తోలినంత సేపటి విశ్రాంతిని తర్వాత తీర్చుకోవచ్చు. పేజీ కింద, చదివి అర్థం చేసుకున్నాను అని నా సంతకం కూడా ఉంది. ఆ పూట నేను వెనక వరసలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను.

ఆయనకు కావలసింది నలభై నిమిషాలు.

అంత్యక్రియలయ్యాక ఆయన ఇంటికి వెళ్ళాను. పుస్తకం సంచిలో పెట్టుకున్నాను, ఎందుకంటే మాటలు నాకు వస్తాయన్న నమ్మకం లేదు. వంటగదిలో కూర్చోబెట్టి టీ పోశారు. పేజీ తీసి ముందు పెట్టి, "నావల్లే జెనొన్ గారూ. మీరు వచ్చెయ్యొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. నేను చూసుకోలేదు," అని ఏడ్చేశాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకోలేదు. పుస్తకం నా వైపే మెల్లగా నెట్టారు.

"తెలుసమ్మా."

"తెలుసా?"

"శిక్షణ నుంచి రాగానే డ్రైవర్లందరికీ ఈ పేజీ నకళ్ళు పంచావుగా నువ్వే. చదివాను."

"మరి తెలిసి నన్నెందుకడిగారండీ? తోలుకుంటూ వచ్చెయ్యకపోయారా?"

టీ గ్లాసు పక్కకు జరిపారు.

"ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ దాటలేదు. ఆ ఒక్కసారికి ధైర్యం చాలలేదు. నువ్వు పొమ్మంటావని ఫోన్ చేశాను తల్లీ."