పైవాడు మింగని మాత్రలు

ఓడరేవులో మా క్రేన్ డ్రైవరును అందరూ పైవాడు అంటారు. నలభై మీటర్ల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని కంటైనర్లు ఎత్తి దించే మనిషికి అంతకంటే సరిపోయే పేరేముంది? కింద నిలబడి వైర్‌లెస్ సెట్టులో ఆయనకు దారి చెప్పే పని నాది. పదకొండేళ్లుగా పైవాణ్ణి ఎడమకీ కుడికీ తిప్పుతున్నది నేనేనని మా ఆవిడ దగ్గర కోతలు కోస్తుంటాను.

మనిషి మాత్రం నిప్పు. తాగడు, కాల్చడు. బెల్టు చివరి రంధ్రం దాకా బిగించినా ప్యాంటు జారుతూనే ఉంటుంది. లిఫ్టు ఉన్నా పట్టించుకోకుండా రోజుకు రెండుసార్లు మెట్లెక్కేవాడు, పొట్టలేసుకుని కింద నిలబడ్డ మమ్మల్ని చూసి నవ్వేవాడు.

అలాంటివాడికి ఏటా చేసే వైద్య పరీక్షలో బీపీ నూట డెబ్భై చూపించింది. షుగరు హద్దు దాటింది. మెడ దగ్గర స్కాన్ తీస్తే, ముప్పై తొమ్మిదేళ్లకే రక్తనాళాల గోడలు ఉండాల్సినదానికంటే మందంగా ఉన్నాయన్నారు. మందులతో అదుపులోకి వచ్చేదాకా క్రేన్ ఎక్కవద్దని కాగితం రాసిచ్చి, గోదాము పనికి పంపారు.

చాటుగా తాగుతాడేమో అన్నాడు గోదాము గుమస్తా. నాకు ఒళ్లు మండి వాడి మీద నోరు పారేసుకున్నాను. కానీ ఆ గుమస్తాను మించి నన్ను విసిగించింది పైవాడి మొండితనమే. బీపీ చూసే యంత్రమే పాడైందంటాడు. ఏ తప్పూ చేయని ఒంటికి జబ్బెందుకొస్తుందని వాదిస్తాడు. మాత్ర వేసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టేనట. మూడు వారాలైనా మాత్రల అట్ట విప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం గోదాము మెట్ల మీద ఛాతీ పట్టుకుని కూలబడి, గ్యాస్ అన్నాడు. ఆయన తిడుతున్నా వినకుండా డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

ఆవిడ గుండె పరీక్ష చేసి, ఈసారికి ప్రమాదం లేదని, మందులు మానితే మాత్రం తాను హామీ ఇవ్వలేనని చెప్పింది. తర్వాత, అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. ఏడాది నిండకముందు ఎప్పుడైనా ఆస్పత్రిలో ఉన్నారా అని. పసితనంలో గట్టి ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆస్పత్రి పాలైనవాళ్లలో కొందరికి, పెద్దయ్యాక గుండెజబ్బులూ షుగరూ కాస్త ఎక్కువగా కనిపిస్తున్నాయట. ఎందుకో ఇంకా పూర్తిగా తేలలేదని, ఈయన విషయంలో అదే కారణమని కూడా చెప్పలేనని అంది. ఎలా వచ్చినా మందులు మాత్రం ఇవేనంది.

పైవాడికి అమ్మానాన్నలు లేరు. ఉన్నది అక్క ఒక్కతే. పక్క వీధిలో బట్టల ఇస్త్రీ దుకాణం నడుపుతుంది. డాక్టరమ్మ ముందే ఆవిడకు ఫోన్ చేసి అడిగాడు. ఏమో, గుర్తులేదని ఆవిడ ఫోన్ పెట్టేసింది. చూశావా అన్నట్టు నా వంక చూశాడు పైవాడు.

సెలవు రోజు మళ్లీ నచ్చజెబుదామని వాళ్లింటికి వెళ్లాను. కాసేపటికి అక్క వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మాత్రలు వేసుకోవట్లేదనీ, డాక్టరమ్మ ఏమందో కూడా మరదలు చెప్పింది. ఆ రోజు ఫోన్లో నీకు అబద్ధం చెప్పానురా."

తమ్ముడికి అప్పుడు ఏడో నెల. కాస్త ఒళ్లు వెచ్చబడింది. అమ్మానాన్నలు మిల్లుకు పోతూ, జ్వరం ఎక్కువైతే పరుగెత్తుకొచ్చి చెప్పమని ఆవిడకు అప్పగించారు. మధ్యాహ్నానికే ఒళ్లు కాలిపోతోందని ఆవిడకు తెలుసు. బయట పిల్లలు తాడాట ఆడుతున్నారు. బాబు ఎలాగూ పడుకున్నాడు కదా అని తనూ వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి బాబు ఎగశ్వాసలో ఉన్నాడు. న్యుమోనియా. ఇరవై రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఎప్పట్నుంచి ఇలా ఉందని నాన్న అడిగితే, ఇప్పుడేనని చెప్పింది. ఆ అబద్ధాన్ని ముప్పై ఎనిమిదేళ్లు కడుపులో దాచుకుంది.

"నీ తప్పేం లేదురా. నీ గుండె పాడుచేసింది నేను. నా మీద కోపంతోనైనా వేసుకో."

ఆవిడను చూస్తే జాలేసింది. నేనైతే ఆ మాట చచ్చేదాకా బయటపెట్టేవాణ్ణి కాదు.

అదే కారణమని డాక్టరమ్మే చెప్పలేకపోయిందని పైవాడు గొణిగాడు. అక్క ఆ మాట చెవిన పెట్టలేదు.

"అప్పుడు నీకెన్నేళ్లక్కా?"

"తొమ్మిది."

ఆయన లోపల ఆడుకుంటున్న కూతుర్ని పిలిచాడు. సగం ఊడిన జడతో, చేతినిండా రంగులతో వచ్చింది. ఎన్నేళ్లని అడిగితే, తొమ్మిది నిండి రెండు నెలలని లెక్కగా చెప్పింది. పిల్లను తీసుకెళ్లి అక్క ముందు నిలబెట్టాడు.

"జ్వరమొచ్చిన ఏడునెలల బిడ్డని, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా దీనికి అప్పజెప్పి వెళ్తావా అక్కా?"

"దీనికా? నీకేమైనా మతిపోయిందా? ఇదే ఇంకా పసిది..."

మాట పూర్తికాకుండానే అక్క ఆగిపోయింది. మేనకోడలి మొహాన్నే చూస్తూ అలాగే నేల మీద కూర్చుండిపోయింది. పైవాడు వెళ్లి అక్క పక్కన కూర్చుని, అట్టలోంచి ఒక మాత్ర తీసి, నీళ్లిమ్మని కూతురితో చెప్పాడు.