దసరాకు కుట్టించిన నల్ల షేర్వాణీ

మా ముత్తాత పద్నాలుగు ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆ ఊళ్ళలో సగం పోయాక కూడా మా తాత దొరే. మా నాయన పిలుపుకు దొర, పనికి సర్పంచ్. నేను పాసుపుస్తకం ఉన్న మామూలు పట్టాదారుని. ఈ వరుస చెప్పకుండా నా బట్టల సంగతి చెప్పలేను. ఏ కాలంలో నా ఒంటిమీద ఏ గుడ్డ ఉండాలో నేను పుట్టకముందే వాళ్ళు తేల్చేశారు.

పోయిన వారం మా అక్క కొడుకు పెళ్ళిబట్టలకని గద్వాల వెళ్ళాం. దుకాణంలో కొలతలు తీసే మనిషి "జర చేతులు లేపు అన్నా" అన్నాడు. మా మేనల్లుడు రెండు చేతులూ పైకెత్తి, పనిలో పనిగా ఆవులించి, నడుము అటూ ఇటూ తిప్పాడు. అంత తేలిక. పక్కన కూర్చున్న నాకు ఎదురుగా ఉన్న అద్దంలోకి చూడబుద్ధి కాలేదు. "ఏంది మామా, రంగు మంచిగ లేదా?" అన్నాడు వాడు. రంగు బాగానే ఉందన్నాను.

మా తాత పెట్టిన పద్ధతి ఇంట్లో ఎక్కడా రాసిలేదు కానీ అందరికీ తెలుసు. ఉగాది నుంచి తొలకరి దాకా పలుచటి తెల్ల లాల్చీ, గద్వాల జరీ అంచు కండువా. వానల్లో తెలుపు కట్టి బురద చల్లించుకోవడం తెలివితక్కువ, ముదురు రంగు వేసుకోవాలి. తాసీల్ కచేరీకి మెడదాకా గుండీలున్న కోటు. చావుకు వెళ్తే ఇస్త్రీ చేసినవి వేసుకోకూడదు, మన సోకు చూడటానికి ఎవరూ అక్కడ కూర్చోలేదు. దసరాకు మాత్రం ఇంటిపెద్ద నల్ల ఉన్ని షేర్వాణీ వేసుకుని జమ్మిచెట్టు దగ్గర నిలబడాలి. ఇవన్నీ ఇప్పటికీ పనికొచ్చే మాటలేనని నా నమ్మకం, ఆ చివరిది తప్ప. వీటితోపాటు ఇంకొకటుంది. కొలతలిచ్చేటప్పుడు మా ఇంటి మగవాళ్ళు చేతులు ఎత్తరు. ఒకడు ఎత్తమంటే ఎత్తేవాడు పోలీసుల ముందు నిలబడ్డ దొంగ అనేవాడు మా తాత. ఛాతీ విరిచి, చేతులు తొడలకు ఆనించి నిలబడాలి. దర్జీయే చుట్టూ తిరిగి తంటాలు పడాలి.

ఆరేళ్ళ కింద తాత షేర్వాణీ తీసి చూస్తే వీపంతా చిమటలు తినేసి ఉంది. ఆ ఏడాది దసరాకు నాకు షేర్వాణీ కావాలి, ఎప్పటికంటే ఎక్కువగా కావాలి. మా తమ్ముడు నాగర్‌కర్నూలులో ఉంటాడు. అయిజ దారి పక్కన మా ఇద్దరికీ కలిపి పదహారెకరాల చెల్క భూమి ఉండేది. బావి వాడి సగంలో, నా సగానికీ నీళ్ళు అక్కడివే. వాడి సగాన్ని ప్లాట్లవాళ్ళు అడుగుతున్నారు, వాడు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. అంతకు నాలుగేళ్ళ ముందు పదిమందిలో నేను వాడిని ఒక మాట అన్నాను. ఆనాటి నుంచి మా మధ్య మాటల్లేవు. మా అక్క మధ్యలో పడి కబురు తెచ్చింది. "దసరనాడు జమ్మి వెడ్తడంట. గా పదిమంది ముంగటనే నువ్వు అలాయ్ బలాయ్ తీసుకుంటె చాలంట. భూమి అమ్మడంట. ఇంకేం అడుగుతలేడు." తప్పు ఒప్పుకోమనలేదు, క్షమించమని అడగమనలేదు. గుండెకు హత్తుకుంటే చాలన్నాడు.

వనపర్తిలో మా కుటుంబానికి మూడు తరాలుగా కుట్టే దర్జీ ఇంటివాళ్ళున్నారు. అప్పటికి పెద్దాయనే కుట్టేవాడు. నేను ఛాతీ విరిచి నిలబడితే టేపు పట్టుకుని నా చుట్టూ ఒకసారి తిరిగాడు.

"దొరా, జర చేతులు లేపుండ్రి. చంక కొలత దొరుకుతలేదు."

"మా తాతకు ఎట్ల తీసిండ్రో గట్లనే తియ్యి."

"మీ తాతకు మా నాయన కుట్టిండు. గప్పుడు జమ్మి అందరు తెచ్చి ఆయన చేతిల వెడ్తుండిరి, కాళ్ళు మొక్కి పోతుండిరి. గాయన నిలవడుడే గని మెసులుడు లేకుండె. మీకు గట్ల కాదు కదా."

నాకు కోపమొచ్చింది. ముసలాయన అది కనిపెట్టి మాట మార్చాడు. "సరే, ఉన్ని ఎందుకు? దసరాకు మన దిక్కు ఎండ యాడ వోతది? ఉడికిపోతరు. పల్చటిది తీసుకోండ్రి." ఉన్నే కావాలన్నాను. ఆయన అంకెలు రాసుకున్నాడు.

కుట్టి తెచ్చాక అద్దంలో చూసుకుంటే, చెప్పకూడదు గానీ, మా తాతే నిలబడ్డట్టుంది. ఎక్కడా ముడత లేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "మంచిగనే ఉంది. గదే ఏసుకొని అటక మీది గంగాళం దించుండ్రి, జర సూస్త." షేర్వాణీ గంగాళాలు దించడానికి కాదన్నాను. "మరి దేనికి, ఫోటోలకా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

దసరా సాయంత్రం జమ్మి దగ్గరికి చేరేసరికే లోపలి బనీను తడిసి వీపుకు అంటుకుంది. మెడపట్టీ కింద చెమట ధారలు కడుతోంది. ఊరంతా వచ్చింది. పూజ అయింది. ఒక్కొక్కరు వచ్చి బంగారమని జమ్మి ఆకు పెడుతుంటే అరచెయ్యి చాచి తీసుకుంటున్నాను. మోచేతి కింది భాగం కదిలితే చాలు, ఇబ్బంది లేదు. అప్పుడు తమ్ముడు కనిపించాడు. నూలు చొక్కా, మడిచిన చేతులు, వదులు ప్యాంటు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. అందరికీ సంగతి తెలుసు.

"అన్నా, బంగారం తీసుకో" అని జమ్మి నా చేతిలో పెట్టాడు. వంగి కాళ్ళకు మొక్కాడు. లేచి రెండు చేతులూ చాచాడు.

నేనూ ఎత్తబోయాను. చేతులు ఛాతీదాకా వచ్చాయి. కుడి చంక కింద దారం తెగింది. చిన్న శబ్దమే, నాకొక్కడికే వినబడింది. ఇంకో జానెడు ఎత్తితే వీపు నడుందాకా చీలిపోతుంది, తడిసిన బనీను ఊరందరికీ కనబడుతుంది. ఆ క్షణంలో నాకు భూమి గుర్తు రాలేదు, తమ్ముడూ గుర్తు రాలేదు. చేతులు దించేశాను. వాడి భుజాన్ని వేళ్ళతో తట్టి, "సరే, ఇంటికి రా, మాట్లాడుకుందాం" అన్నాను.

వాడి చేతులు కాసేపు గాలిలోనే ఉన్నాయి. తర్వాత మెల్లగా దించాడు. వెనక ఎవరో దగ్గారు.

"అందరు సూసిండ్రు కదా" అన్నాడు వాడు, నాతో కాదు, చుట్టూ ఉన్నవాళ్ళతో. "అన్న చేతులు నా కాడికొచ్చి ఆగినయ్. గంతే." మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు వెనక నుంచి పిలిచి ఒక్క మాట చెప్పాల్సింది. షేర్వాణీ ఇరుకురా, చిరిగిపోతోంది అంటే వాడే ముందు నవ్వేవాడు, ఊరూ నవ్వేది, అక్కడితో అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. మా ఇంటి బట్ట సరిగా కుదరలేదని అంతమందిలో ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. మిగిలినవాళ్ళ జమ్మి కూడా తీసుకుని, చివరిదాకా నిటారుగా నిలబడ్డాను.

ఇంటికొచ్చి ఒంటరిగా గదిలో రెండు చేతులూ తలపైకి ఎత్తాను. షేర్వాణీ చంక నుంచి నడుందాకా చీలింది. మా ఆవిడ వచ్చి చూసి, గుండీలు విప్పుతూ, "ఇరుకని ఒక్క మాట చెప్తె ఏమయితుండె?" అంది. మర్నాడు అక్క ఫోన్ చేసి తిట్టింది. నేను తమ్ముడికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. నాగర్‌కర్నూలు వెళ్ళాను. మరదలు మంచినీళ్ళిచ్చి, ఆయన ఊళ్ళో లేడంది. వాడి చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి.

గద్వాల దుకాణంలో మేనల్లుడు తన కొలతకు సరిపడే రెడీమేడ్ బట్టలు వేసి చూసుకున్నాక, ఒకసారి కూర్చోమన్నాను, వంగమన్నాను. తర్వాత దగ్గరికి పిలిచి గట్టిగా హత్తుకున్నాను. "ఏంది మామా గిట్ల, దుకాణంల" అని వాడు సిగ్గుపడ్డాడు. ఎక్కడా బిగుతుగా పట్టలేదు. అవే తీసుకోమన్నాను.

షేర్వాణీ చిరిగిన ఆ ఏడు దీపావళి లోపు మా తమ్ముడు తన ఎనిమిదెకరాలు బావితో సహా అమ్మేశాడు. నీళ్ళు లేక మరుసటి ఎండాకాలం నా ఎనిమిదీ నేను అదే ప్లాట్లవాళ్ళకు రాసిచ్చాను. నాలుగు తరాలు మా పేరున ఉన్న చెల్క ఏడు నెలల్లో పోయింది.