క్యాసెట్‌లో పట్టని పాట

మా చిన్నప్పుడు ఇంగ్లీషు పాటలు కావాలంటే రికార్డింగ్ సెంటరే గతి. ఖాళీ క్యాసెట్ ఇస్తే షాపాయన తన ఎల్పీ రికార్డు నుంచి ఎక్కించి ఇచ్చేవాడు. ఇంటర్‌లో మా అన్న ఒక రాక్ బ్యాండ్ ఆల్బమ్ అలాగే ఎక్కించుకొచ్చాడు. ఆఖరి పాట సగంలో ఉండగానే టేపు అయిపోయింది. పాట టక్కున ఆగగానే అన్న కంచం బోర్లించి వాయిస్తూ, అర్థంపర్థం లేని ఇంగ్లీషులో మిగతాది పాడేవాడు. కోరస్ నాది. తిట్లు అమ్మవి.

తర్వాత అన్నకు జీడిమెట్లలో మందుల కంపెనీ ఉద్యోగం వచ్చింది. పాటలు పోయాయి, మాటలూ తగ్గాయి. ఆదివారం బోరబండలో నా గదికి వచ్చి, తిని, పేపరు చదివి వెళ్లిపోయేవాడు. నాకు ఒళ్లు మండేది. దీనికంటే పోట్లాడినా బాగుండు అనిపించేది.

నేను హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్క సీటాయన కంప్యూటర్‌లో ఏదో సీడీ పెట్టాడు. పాట వేరే, గొంతు మాత్రం మా క్యాసెట్‌లోదే! రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని ఆఫీసంతా తలలు పట్టుకుంటే, మా క్యాసెట్ ఏమైపోయిందోనని నా బాధ.

ఆ ఆల్బమ్ ఏ షాపులోనూ దొరకలేదు. చివరికి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల మధ్య ఎల్పీగా కనిపించింది. వెంటనే కొనేశాను. వినడానికి ప్లేయర్ లేదన్న సంగతి బస్సెక్కాక గుర్తొచ్చింది.

ఇంటి ఓనరమ్మ దగ్గర భక్తిపాటల కోసం కొన్న పాత ప్లేయర్ ఉంది. అట్ట మీద జులపాల జుట్టువాళ్లను చూసి, "జర సౌండ్ తక్కువ పెట్టు బిడ్డా" అంటూ ఇచ్చింది.

ఆదివారం అన్న చేతిలోని పేపరు లాగేసి ఆఖరి పాట పెట్టాను.

"ఏందే ఇది?"

"విను."

టేపు తెగే చోటు వచ్చింది. పాట ఆగలేదు. అదే లైను మళ్లీ మళ్లీ పాడుతూ, సౌండ్ తగ్గిపోతూ, ఊరికే అయిపోయింది.

"గంతేనా?" అన్నాడు అన్న. తనకు నిజంగానే కోపం వచ్చింది. "గిట్లెవడన్న ముగిస్తడా? మల్ల పెట్టు."

పెట్టాను. అన్నం కోసం పెట్టిన కంచం తీసుకుని బోర్లించాడు. టేపు తెగే చోటు రాగానే "ఆపు" అన్నాడు.

రికార్డు మీది ముల్లు ఎత్తాను. అన్న కంచం వాయిస్తూ ఆ పాత అర్థంపర్థం లేని ఇంగ్లీషు మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా కోరస్ నాదే కదా, అందుకున్నాను.