ముందు వరుసకు రాని రింగుల జుట్టు

ఇది ఒక మహాగాథ. ఇందులో పదేళ్ళు ఆరకుండా రగిలిన పగ ఉంది, రాణిలాంటి శత్రువు ఉంది, ఘోర ప్రతిజ్ఞ ఉంది, ఒక్క పొద్దులో తేలిపోయిన యుద్ధం ఉంది. సరే, అంత లేదు. జరిగిందంతా పద్మారావు నగర్‌లో మా వంటింట్లో, ఆ తరవాత మా చర్చి ఆవరణలో. శత్రువు మా పెద్దమ్మ. ప్రాణనష్టం ఒక దువ్వెన. అదీ పాతదే.

పెద్దమ్మ అంటే మా మమ్మీకి సొంత అక్క. యాప్రాల్‌లో ఉంటుంది. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయింది గానీ, చర్చిలో క్వయర్ లీడర్‌గా మాత్రం రిటైరయ్యే ఉద్దేశం చాలాకాలం కనపడలేదు. ఆమె చూపుడువేలు లేస్తే పాతికమంది గొంతులు లేస్తాయి. ఎవరు ఏ వరుసలో నిలబడాలో కూడా ఆ వేలే చెబుతుంది.

నాది రింగుల జుట్టు. అలలు అలలుగా వాలే మర్యాదస్తుల జుట్టు కాదు, పెన్ను విప్పితే లోపల కనిపించే స్ప్రింగులాంటిది. తడిగా ఉన్నప్పుడు నడుము దాకా వస్తుంది. ఆరాక భుజాల దగ్గర ఆగిపోయి, మిగిలినదంతా పక్కలకు పోతుంది. మమ్మీ జుట్టు స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. నాన్నకు జుట్టే లేదు కాబట్టి నింద మొత్తం అటు పోయింది. కాదనడానికి ఆయన దగ్గర ఆధారం లేదు.

నా చిన్నప్పుడు ఆదివారం ఆరాధన అంటే ముందు ఒక గంట హింస. మమ్మీ నన్ను పీట మీద కూచోబెట్టి, ఆరిన జుట్టును సన్నపళ్ళ దువ్వెనతో మాడు నుంచి కిందికి లాగేది. ఆరిన రింగుల జుట్టును దువ్వడమంటే దూది ఏకడమే. ఏకిన కొద్దీ పెరుగుతుంది. ఆ పెరిగినదాని మీద కొబ్బరినూనె కుమ్మరించి జడ వేసేది. సగం ప్రసంగం అయ్యేసరికి జడలోంచి ఒక్కొక్క రింగూ బయటికొచ్చి, తానూ వాక్యం వింటున్నట్టు నిక్కి చూసేది.

ఇక నేరం సంగతి. మా చర్చిలో ఏటా వానలు వెళ్ళాక కోత పండుగ జరుగుతుంది. మాలో ఎవరికీ పొలం లేదు. అయినా ప్రథమ ఫలాలు తేవాలి కాబట్టి మార్కెట్‌లో కొన్న గుమ్మడికాయలు, చెరుకుగడలు, కాలీఫ్లవర్లు తెచ్చి ప్రభువు బల్ల ముందు పేరుస్తాం. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, మళ్ళీ మేమే పాడుకుని ఇంటికి తెచ్చుకుంటాం. ఆ రోజే, ఆ కూరగాయల ముందే, క్వయర్ గ్రూప్ ఫొటో తీస్తారు. ఫ్రేమ్ కట్టించి ప్రాక్టీసు గదిలో గోడకు తగిలిస్తారు.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు తీసిన ఫొటోలో నేను రెండో వరుసలో ఉన్నాను. నా వెనక కీబోర్డు వాయించే అంకుల్ నిలబడ్డాడు. నిలబడ్డాడని మాకు తెలుసు. ఫొటోలో అయితే ఒక చెవి, కొంచెం నుదురు మాత్రమే ఉన్నాయి. ఆయన నవ్వేశాడు. పెద్దమ్మ మాత్రం ఏడాదంతా గుర్తుపెట్టుకుని, మరుసటి కోత పండుగకు అందరి ముందూ వేలు లేపింది.

“నువ్వు జెర వెనక్కి పో బిడ్డా. ఇంకా. ఇంకింత.”

“వెనక గోడుంది పెద్దమ్మా.”

“గోడకేం కాదు. ఆడ్నే నిలబడు. నీ తలకాయ ముందట ఉంటే గీ కాలీఫ్లవర్ల కలిపి వేలం పాడుతరు.”

క్వయర్ మొత్తం నవ్వింది. మూడు గొంతుల్లో, శ్రుతి తప్పకుండా. అలా నేర్పింది కూడా ఆమే.

ఆ రోజు గోడకు ఆనుకుని ప్రతిజ్ఞ చేశాను. ఎప్పటికైనా ముందు వరుసలో, సరిగ్గా పెద్దమ్మ పక్కన, నా జుట్టు పూర్తి సైజులో ఉండగా ఫొటో దిగుతాను. అది ఫ్రేమ్ కట్టి గోడకెక్కుతుంది. ప్రాక్టీసుకు వచ్చిన ప్రతిసారీ ఆమె దాన్ని చూసి తీరాలి. ప్రతిజ్ఞ చేయగానే ఆకలేసింది. బయటికొచ్చి రెండు సమోసాలు తిన్నాను.

మధ్యలో ఒకసారి లొంగిపోయాను, దాచను. ఇంటర్ అయ్యాక పార్లర్‌కు వెళ్ళి స్ట్రెయిట్ చేయించుకున్నాను. ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డట్టు వాసన. అది నిలిచిన మూడు నెలలూ పెద్దమ్మ నన్ను చాలా ప్రేమగా చూసింది, “ఇప్పుడు మనిషి లెక్క ఉన్నవ్” అని రెండో వరుసలోకి పిలిచింది. వెనక్కి పంపినప్పటి కంటే అప్పుడు ఎక్కువ మండింది. కొత్త జుట్టు పైనుంచి రింగులుగానే మొలవడం మొదలైంది. కింద సాఫు, పైన స్ప్రింగులు. వేలు మళ్ళీ గోడను చూపించింది.

అప్పటి నుంచి యుద్ధవిద్యలు నేర్చుకున్నాను. ఆరిన జుట్టుకు దువ్వెన ముట్టించకూడదు. తడిగా ఉన్నప్పుడు, కండిషనర్ ఉండగా, వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసుకుంటూ రావాలి. తువ్వాలుతో రుద్దకూడదు, పాత నూలు బనియన్‌తో అద్దాలి. ఈ ఆఖరుదాని దగ్గర ఇంట్లో పెద్ద గొడవయింది.

“నాన్న బనియన్ నెత్తికి కట్టుకున్నవేందే?”

“తువ్వాలుతోని రింగులు పాడైతయి మమ్మీ.”

“మీ నాన్న ఇరవై ఏండ్లు ఆ బనియన్‌లు ఏసిండు. ఒక్క ఎంటిక అన్న మొలిచిందా?”

అన్నిటికంటే పెద్ద అస్త్రం అవిసె గింజల జెల్. గింజల్ని నీళ్ళలో ఉడికిస్తే గుడ్డు తెల్లసొనలాంటి జిగురు వస్తుంది. దాన్ని వడగట్టి తడి జుట్టుకు పట్టించి, కొసల నుంచి పైకి పిడికిళ్ళతో నొక్కాలి. ఆరేటప్పుడు పైన పెళుసుగా ఒక పొర కడుతుంది. పూర్తిగా ఆరాక చేతులతో నలిపితే పొర విరిగి, లోపల రింగులు మెత్తగా, దేనికది విడివిడిగా నిలుస్తాయి. మొదటిసారి బాగా కుదిరిన రోజు అద్దంలో చూసుకుని, ఇక పెద్దమ్మ పని అయిపోయింది అనుకున్నాను. అప్పటికి ఆమె యాప్రాల్‌లో హాయిగా నిద్రపోతోంది.

పోయిన ఏడు ప్రాక్టీసులో పెద్దమ్మ ఒక మాట చెప్పింది. “ఇదే నా ఆఖరి కోత పండుగ. ఆ తర్వాత ఇంకెవరన్న చూస్కోండ్రి.” అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేను వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. ఆమె లీడర్‌గా దిగే ఫొటో ఇక ఒక్కటే మిగిలింది. శత్రువు మైదానం వదిలి వెళ్ళిపోయాక గెలిస్తే దాన్ని గెలుపనరు, ఖాళీ స్థలమంటారు.

పండుగ రోజు పెద్దమ్మ కట్టేది తెల్ల నూలు చీర. దానికి గంజి పెట్టేది మా మమ్మీ. మమ్మీ గంజికి మా చర్చిలో పేరుంది. ఏటా వారం ముందే చీర మా ఇంటికొస్తుంది, ఆదివారం పొద్దున పెద్దమ్మ వచ్చి ఇక్కడే కట్టుకుంటుంది.

శనివారం పొద్దున ఇంట్లో ఉన్న అవిసె గింజలన్నీ ఉడికించి, వడగట్టి, స్టీలు గిన్నెలో పోసి స్టవ్ పక్కన చల్లారబెట్టాను. మమ్మీ చెప్పినట్టే అన్నం వార్చి, గంజిని ఇంకో గిన్నెలో పోసి కిటికీ దగ్గర పెట్టాను. పిన్నులు కొనుక్కురావడానికి బజారుకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా గిన్నె కడిగి బోర్లించి ఉంది. డాబా మీద పెద్దమ్మ చీర ఎండలో ఊగుతోంది.

“గంజి ఇయ్యాల మంచిగ కుదిరిందే,” అంది మమ్మీ. “జెర జిగటుండె. ఇన్ని నీళ్ళు కలిపిన.”

“ఏ గిన్నెలది తీస్కున్నవ్ మమ్మీ?”

“స్టవ్ పక్కనున్నది. కిటికీ కాడిది పల్చగున్నదని ముట్టలె.”

చెప్పాలి. చెబితే చీర మళ్ళీ ఉతకొచ్చు, ఇంకా టైముంది. కానీ కళ్ళ ముందు రేపటి దృశ్యం కదిలింది: నిండు ఆరాధనలో ఆ చీర బంకలా ఒంటికి అతుక్కుని, కుచ్చిళ్ళు ఒకదానికొకటి అంటుకుని, చూపుడువేలు లేపబోతే కొంగు కూడా దాంతోపాటే లేస్తుంది. పగ తీర్చుకోవడం మన పని కాదని సండే స్కూల్లో చెప్పారు. నేనేం తీర్చుకోలేదు. ఊరుకున్నానంతే.

ఊరుకోవడంలో ఒక్క ఇబ్బంది ఉంది. నా జుట్టుకు జెల్ లేదు. కిరాణా షాపతను అవిసె గింజలు సోమవారం వస్తాయన్నాడు. యుద్ధం ఆదివారం. కిటికీ దగ్గర గంజి మాత్రం ఉంది. బియ్యం నీళ్ళు జుట్టుకు మంచివని ఎన్నో వీడియోల్లో చూశాను. బియ్యం నీళ్ళకూ గంజికీ ఉన్న తేడా ఎవరూ చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, ఆ చిక్కబడ్డ గంజినే పట్టించుకుని ఫ్యాన్ కింద కూచున్నాను.

ఎనిమిదింటికి తలను వేలితో తడితే టక్కుమంది. రింగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి నెత్తికి అణిగాయి. హెల్మెట్ పెట్టుకున్నట్టుంది, బండి మీద వెళ్తే పోలీసులు ఆపరు. నలుపుదామని చెయ్యెత్తేలోగా పెద్దమ్మ వచ్చేసింది. లోపలి గదిలో చీర కట్టుకుంటుంటే, నేను తలుపు బయట కోట కూలే చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడ్డాను.

బయటికొచ్చింది. పదేళ్ళలో ఆమెను అంత అందంగా చూడలేదు. ఎప్పుడూ అట్టముక్కలా ఎగిసి నిలబడే చీర ఆ రోజు నీళ్ళు జారినట్టు జారింది. కుచ్చిళ్ళు కొలిచి మడిచినట్టున్నాయి. ఎక్కడో సన్నటి మెరుపు కూడా.

“ఏం పెట్టినవే దీనికి? ఇన్నేండ్లకు కుచ్చిళ్ళు నా మాట విన్నయి.”

“ఎప్పటి గంజే అక్కా,” అంది మమ్మీ వినయంగా.

పెద్దమ్మ చూపు నా మీదికి వచ్చింది. నెత్తి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

“ఇయ్యాల నీ నెత్తి మంచిగ అణిగింది బిడ్డా. గిట్లుండాలె. ఫొటోల నా పక్కన నిలబడు.”

పదేళ్ళ ప్రతిజ్ఞ అలా నెరవేరింది. ముందు వరుస వచ్చింది, ఆమె పక్క చోటొచ్చింది, రానిది నా జుట్టొక్కటే. నేను ఉడికించిన పగ ఆమె ఒంటి మీద మెరుస్తోంది. ఆమె గంజి నా నెత్తి మీద కూచుంది.

ఆరాధనలో పై స్వరం అందుకున్నప్పుడల్లా నా పాటల పుస్తకం మీద తెల్లటి పొడి రాలింది. పెద్దమ్మ దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి కొంగు పట్టుకుని చూసి, ఏ షాపుదని అడిగారు. చివరికి కూరగాయల ముందు అందరం నిలబడ్డాం. నేను ముందు వరుసలో, ఆమె ఎడమ పక్కన. ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు.

ఆ ఫొటో అలా గోడకెక్కితే ఆమె దాన్ని చూసినప్పుడల్లా సంతోషిస్తుంది. ఆ ఆలోచన భరించలేకపోయాను. రెండు చేతులూ నెత్తిలోకి పోనిచ్చి, ఉన్న బలమంతా పెట్టి నలిపాను. పెళపెళమని విరిగింది. పొడి రాలింది. తల వంచి ఒక్కసారి విదిలించి లేచేసరికి రింగులన్నీ వాటి వాటి దిక్కులకు వెళ్ళిపోయాయి. వెనక కీబోర్డు అంకుల్ రెండడుగులు పక్కకు జరిగాడు. అనుభవజ్ఞుడు.

“ఏందే ఇది,” అంది పెద్దమ్మ. కెమెరా క్లిక్కుమంది.

ఇదే అదనని నెమ్మదిగా చెప్పాను. “పెద్దమ్మా, నీ చీరకు పెట్టింది గంజి కాదు. నా ఎంటికలకు చేసుకున్న జెల్.”

ఆమె కుచ్చిళ్ళు చూసుకుంది. భుజం మీద పడ్డ నా పొడి దులుపుకుంది. నేను ఆమె ముఖంలో ఓటమి కోసం వెతికాను.

“మరి నీ నెత్తికేం పెట్టినవ్?”

“గంజి.”

“సదువుకున్నవ్ గద బిడ్డా,” అని, కాలీఫ్లవర్ వేలం మొదలైందేమో చూడ్డానికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నెత్తిలో మిగిలిన గంజిని దులపబోయి మమ్మీ పాత సన్నపళ్ళ దువ్వెన రెండు ముక్కలైంది. ఫొటో గోడకెక్కింది. అందులో నా జుట్టు ఆమె ఎడమ చెవినీ, ముప్పావు చెంపనూ కప్పేసింది, ఆమె నోరు “ఏందే” దగ్గర తెరిచి ఉంది. నేను కోరుకున్నది అక్షరాలా అదే. చూసినవాళ్ళు మాత్రం చీర ఎంత బాగుందో అంటారు. కొత్త లీడర్ ఎక్కడైనా నిలబడమంది. ముందు వరుసలో ఫ్యాన్ గాలికి జుట్టు నోట్లోకి వస్తోందని నేనే వెనక గోడ దగ్గరికి వెళ్ళాను.

మొన్న పెద్దమ్మ ఫోన్ చేసి, తన చీరలన్నిటికీ ఆ జెల్ పెడతానని, చేసే విధానం చెప్పమంది. చెప్పాను. ఎన్ని గింజలు, ఎన్ని నీళ్ళు, ఎంతసేపు కలపాలి, అన్నీ మర్యాదగా చెప్పాను. ఒక్కటి తప్ప. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసింది.

“చల్లారబెట్టి వడగడుతున్ననే. ఒక్క చుక్క దిగుత లేదు. పిండి పిండి నా చెయ్యి పోయింది.”

“ఇంకింత గట్టిగ పిండు పెద్దమ్మా,” అన్నాను.

అవిసె గింజల జెల్‌ను వేడిగా ఉన్నప్పుడే వడగట్టాలి. చల్లారితే గుడ్డలోంచి దిగదు.