చేతిలో చెప్పులు

బోటెక్కే ముందు చెప్పులు విప్పడం నాకు కాకినాడలో అలవాటైంది. ఆ రోజు సముద్రంలో తిరిగి రావడానికి అందరం చెప్పులతోనే టూరిస్టు బోటెక్కాం. మాతో వచ్చిన, పరిచయం లేని ఓ మామ్మగారు మాత్రం రేవులోనే విప్పి చేత్తో పట్టుకున్నారు.

"జారతాయనాండి?" అని అడిగాను.

"కాదండీ. మాకు పడవంటే గంగమ్మ తల్లేనండి. మా పడవ ఈ రేవులోనే అమ్మేసుకున్నాం గానీ, కాళ్ళకి అలవాటు పోలేదండి," అని నవ్వారు.

ఎండలో ఓ దీవి దాకా వెళ్ళొచ్చాం. ఆవిడ పేరైనా అడగలేదు.

సాయంత్రం హార్బరు వీధులన్నీ తిరిగి, చేపల వాసన పట్టుకుని మళ్ళీ రేవుకొచ్చాను. కొత్తగా నీలం రంగు వేసిన ఓ పాత పడవ పక్కన మామ్మగారు నిలబడి ఉన్నారు. దాని అంచు మీద చెయ్యి వేశారు గానీ ఎక్కలేదు.

చెప్పులు మాత్రం చేతిలోనే ఉన్నాయి.