పసుపు పట్టీ కట్టిన తాళాలమ్మ

తాళాలమ్మ తన సొంత అక్క కొడుకు చదువును దెబ్బ కొట్టిందని మా వీధిలో చెప్పుకుంటున్నారు. తనకు పిల్లలు లేరన్న అసూయతో వాడి మీద ఉన్నవీ లేనివీ రాసి యూనివర్సిటీలో ఇచ్చిందట. ఈ మాట టైలరు కొట్టులో పుట్టింది. ఇస్త్రీ కొట్టు దాకా వచ్చేసరికి దానికి కాళ్లు వచ్చాయి, వీధి మలుపు తిరిగేసరికి రెక్కలు వచ్చాయి. నేనూ ఇద్దరు ముగ్గురి చెవిన వేశాను, దాచడమెందుకు. అందుకే దాన్ని సరిదిద్దే పని కూడా నాదే అనుకుని రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. అక్షరాల్లో తప్పులుంటే సర్దుకోండి. సంగతిలో మాత్రం తప్పు లేదు, ప్రతి ముక్కా నేను వెళ్లి కనుక్కున్నదే.

తాళాలమ్మ నలభై ఆరేళ్ల మనిషి. సన్నగా ఉంటుంది. నడిస్తే నడుము దగ్గర తాళాల గుత్తి మోగుతుంది. యూనివర్సిటీలో డేటా సైన్స్ చెప్పే విభాగంలో ఆఫీసు అసిస్టెంటు. పొద్దున్న గదులు తెరవడం, హాజరు కాగితాలు పంచడం, ప్రొజెక్టరు వైరు ఎవరు పట్టుకుపోయారో వెతకడం, సాయంత్రం గదులు మూయడం ఆమె పని. పందొమ్మిదేళ్లుగా అక్క ఇంట్లో మేడ మీది గదిలో ఉంటోంది. ఆ గదికి వేరే మెట్లు లేవు. అక్క వంటింట్లోంచే ఎక్కాలి, అక్క వంటింట్లోంచే దిగాలి.

డేటా సైన్స్ అంటే ఏమిటని ఆ అక్క కొడుకునే ఒకసారి కూర్చోబెట్టి అడిగాను. ఇరవై రెండేళ్లవాడు, పిన్ని పనిచేసే విభాగంలోనే చివరి ఏడాది. లక్షల మంది ఏం కొన్నారో, ఎక్కడికి వెళ్లారో, ఏం రాశారో పోగుచేసి, రేపు ఏం చేస్తారో లెక్కగట్టే చదువు అన్నాడు. ఇందులో వింతేముంది, ఎవరింట్లో పాల ప్యాకెట్లు పెరిగాయో చూసి ఎంతమంది చుట్టాలొచ్చారో నేను కిటికీలోంచే చెబుతాను అన్నాను. అయితే మీకు డిగ్రీ ఇచ్చేయొచ్చు మామ్మగారూ అని నవ్వాడు. వాడి ప్రాజెక్టు ఏమిటంటే, మనం నాలుగు మాటలు అనగానే ఐదో మాట ఏం రాబోతుందో మిషన్ చెప్పేస్తుంది. నా ముందే ఆడించి చూపించాడు. నేను అనబోయేది మూడుసార్లు సరిగ్గా చెప్పింది. నాకు కాస్త చిరాకు కూడా వేసింది.

ఇలాంటి మిషన్లు ఎవరికి మేలు చేస్తాయి, ఎవరి కొంప ముంచుతాయి అని మాట్లాడుకోవడానికి ఆ విభాగంవాళ్లు ఆరు నెలలకోసారి రెండు రోజుల వర్క్‌షాప్ పెడతారు. అందులో కూర్చుంటేనే డిగ్రీ. కిందటిసారి అరుపులూ ఎగతాళీ శ్రుతిమించి ఇద్దరు ఏడుస్తూ వెళ్లిపోయారట. అప్పటినుంచి హాలు తలుపు మీద మర్యాద నియమాలు అంటించారు. వాటిని నా కళ్లతో చూడాలని పనిగట్టుకుని వెళ్లాను. గేటు దగ్గర అడిగితే మనవరాలి అడ్మిషన్ కోసం అన్నాను. నా మనవరాలికి మూడేళ్లు.

కూడబలుక్కుంటూ మొత్తం చదివాను. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడకూడదు. మాటను తప్పు పట్టొచ్చు, మనిషిని కాదు. ఎదుటివాళ్ల వాక్యాన్ని మీరు పూర్తి చేయకూడదు. ఇది చదివి, ఇక్కడ నేను ఒక్క పూట కూడా నిలవలేననుకున్నాను. చివరి నియమం అన్నిటికన్నా పొడుగు. ఎవరికైనా అవమానం జరిగితే చేతికి పసుపు పట్టీ కట్టుకున్న మనిషికి రాసివ్వొచ్చు. రాసిందెవరో ఆ మనిషికి తప్ప ఎవరికీ తెలియకూడదు, తీర్పు చెప్పేవాళ్లకు కూడా. పట్టీ కట్టుకున్నవాళ్లు విన్నది ఇంట్లో కూడా చెప్పకూడదు. ఫిర్యాదు తమ చుట్టాల మీదైతే పేరు తీసేసిన కాగితాన్ని ఇంకొకరికి అప్పగించి, పట్టీ విప్పేసి, హాల్లోంచి వెళ్లిపోవాలి.

ఆ పట్టీ కట్టుకోవడానికి ప్రొఫెసర్లు ఒక్కరూ ముందుకు రాలేదు. ఊరి తగువులు నెత్తినేసుకోవడం ఎవరికి సరదా? ఎవరి జోలికీ పోదు, ఎవరి మాటా మోయదు అని తాళాలమ్మ చేతికి కట్టారు. ఆమె దాన్ని పొగడ్త అనుకుంది పాపం.

ఈసారి వర్క్‌షాప్‌లో రెండో రోజు పొద్దున్న ఒక అమ్మాయి మైకు తీసుకుంది. నత్తి ఉన్న పిల్ల. ఆస్పత్రికి ఫోన్ చేస్తే ముందు ఎవర్ని చూడాలో మిషన్ గొంతు విని తేల్చేస్తోందట. మరి తనలా మాట సాగనివాళ్ల గతేమిటని అడగబోయింది. అడుగుతూ ఒక మాట దగ్గర ఆగిపోయింది. హాలు ఎదురుచూస్తోంది. అప్పుడు తాళాలమ్మ అక్క కొడుకు వెనక వరుసలోంచి, "ఉండండి, తర్వాతి మాట నా మిషన్ చెప్పేస్తుంది" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ పిల్ల మైకు బల్ల మీద పెట్టి, సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది.

ఈ ముక్క నాకు చెప్పింది వాడే, తల వంచుకుని. వాళ్లమ్మతో మాత్రం ఏదో జోకేశానన్నాడట. ఏం జోకో చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదన్నాడు. తర్వాత ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాడట. నేనేమీ రాయలేదు, నన్ను వదిలేయండి అందట ఆ పిల్ల. హాల్లో ఎనభై మంది ఉన్నారు. రాసింది ఎవరైనా కావచ్చు. ఆ ఎనభై మందిలో తాళాలమ్మ కూడా ఉంది.

ఇక టీ కౌంటరు నడిపే ఆవిడ చెప్పింది వినండి. ఆ పూట టీ విరామంలో తాళాలమ్మ చేతిలో ఒక కాగితం ఉంది. చదివి అలాగే నిలబడిపోయింది, కప్పులో టీ చల్లారిపోయింది. తర్వాత కాగితం పైభాగం చింపి మడిచి పర్సులో పెట్టుకుని, మిగతాది కవర్లో పెట్టి, పట్టీ విప్పి, రెండూ లైబ్రేరియన్ చేతికిచ్చింది. వరండాలో బెంచీ మీద కూర్చుంది. తాళాలు ఆమె దగ్గరే ఉన్నాయి కనుక ఇంటికి వెళ్లడానికి లేదు. నియమం ఉంది కనుక లోపలికి వెళ్లడానికీ లేదు. సాయంత్రం దాకా అలా గోడకు చేరగిలబడి కూర్చుందట. లోపల లైబ్రేరియనూ ఇంకో ఇద్దరూ కలిసి తేల్చారు. ఈ వర్క్‌షాప్ వాడి లెక్కలోకి రాదు. మళ్లీ వచ్చేదానిలో కూర్చోవాలి, డిగ్రీ ఆరు నెలలు ఆగుతుంది.

అంటే తీర్పు తాళాలమ్మది కాదు. టైలరు కొట్టువాళ్లు ఇది శ్రద్ధగా వినాలి.

ఇంటికి వచ్చిన ఉత్తరంలో "పసుపు పట్టీ ధరించినవారి ద్వారా అందిన ఫిర్యాదు మేరకు" అని ఉంది. ఆ పట్టీ ఎవరు కట్టుకున్నారో అక్కకు తెలుసు. మా రెండిళ్లకూ గోడ ఒకటే. నేను చెవి ఆనించలేదు, గోడే పల్చన. అక్క మొదట మెల్లగానే అడిగింది. ఎవరు రాశారో చెప్పు, వాణ్ని వెంటబెట్టుకుని వెళ్లి కాళ్లావేళ్లా పడతాను, వాళ్లే వెనక్కి తీసుకుంటారు అంది. తాళాలమ్మ, చెప్పకూడదక్కా అంది. ఆ ఒక్క మాటే నాలుగుసార్లు వినిపించింది.

"వాడికి గోరుముద్దలు పెట్టిన చెయ్యే కదే అది. ఆ కాగితం చించి పారేస్తే ఎవడికి తెలిసేది?"

తాళాల గుత్తి మెట్లవైపు మోగింది.

"పేరు లేదంటే రాసింది నువ్వే. నెలాఖరులోగా పేరైనా చెప్పు, గదైనా ఖాళీ చెయ్యి."

అక్క చెడ్డ మనిషి కాదు. కన్న కడుపు అది. కానీ అప్పటినుంచి తాళాలమ్మ బతుకు అడకత్తెరలో పోకచెక్కయింది. ఆమె వంటింట్లో అడుగుపెట్టగానే కత్తిపీట చప్పుడు ఆగిపోతుంది, మెట్లెక్కాక మళ్లీ మొదలవుతుంది. తాళాల గుత్తిని ఇప్పుడు గుప్పిట్లో బిగించి పట్టుకుని నడుస్తోంది, మోగకుండా. ఇల్లు ఇలా ఉంటే ఆఫీసు ఇంకోలా ఉంది. మళ్లీ తన చేతికే వచ్చిన పట్టీ తీసేసుకోండని విభాగం పెద్దాయన్ని అడిగితే, నీకన్నా నమ్మకమైన మనిషి ఎవరున్నారమ్మా, ఏడాది తిరిగేదాకా ఉంచు అన్నాడట. పిల్లలు ఇంకా వచ్చి ఆమెకే చెప్పుకుంటున్నారు. ప్రింటింగ్ ప్రెస్సు వెనక ఒక గది చూసొచ్చింది. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. ఇది ప్రెస్సువాడే నాకు చెప్పాడు.

కొడుకులా పెంచిన పిల్లాడు హాల్లో అన్న మాటేమిటో అక్కకు ఒక్కసారి చెబితే సగం కోపం అటు తిరుగుతుంది. అదీ చెప్పలేదు. వాడే చెప్పుకోవాలని ఆగిందో, అది కూడా విన్నదాని కిందికే వస్తుందనుకుందో నాకు తెలియదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా ఎరుగును. అయినా ఆదివారం పొద్దున్న మేడ మీద బట్టలు ఆరేస్తుంటే తాళాలమ్మను పట్టుకున్నాను. వాళ్ల పిట్టగోడకు మా పిట్టగోడ ఆనుకునే ఉంటుంది. నెలాఖరుకు ఇంక నాలుగు రోజులే. పేరు వద్దమ్మా, నువ్వు రాయలేదని ఒక్క మాట అను చాలు, వీధికీ మీ అక్కకూ నేను చెప్పుకుంటాను అన్నాను. ఆమె తడి దుప్పటి దులిపి తీగ మీద వేసింది. నేను కాదు అంటే మిగిలిన వాళ్లలో వెతుకుతారు కదండీ అంది. వెతికితే వెతకనీ, నీ గది నీకు మిగులుతుంది, నువ్వా కాదా అని నిలదీశాను.

క్లిప్పులు రెండు పెట్టి, దుప్పటి అంచు సరిచేసి, నా వైపు తిరిగింది.

"మూడేళ్ల కిందట ఇదే తీగ దగ్గర మీరు నాకు ఒకటి చెప్పుకున్నారు పెద్దమ్మగారూ. ఇన్నాళ్లలో అది ఎవరి నోటినుంచైనా మీకు తిరిగొచ్చిందా? రేపు మీ సంగతి తనకు చెబితే గది ఉంచుతానని మా అక్క అంటే, నన్నేం చెయ్యమంటారు?"